సంగటి లెక్క తెలిసిన యాప్ కావాలంటే

తినే తిండిని రాసుకోవడానికీ, రేపటి వంటను ముందుగా అనుకోవడానికీ పనికివస్తామని చెప్పే యాప్‌లకు ప్లేస్టోర్‌లో కొదవ లేదు. అయితే రాగిసంగటి, చెనక్కాయల ఊరిమిండి (వేరుశనగ పచ్చడి), పప్పు, పులుసు తరచూ పళ్లెంలో పడే తిరుపతి ఇంట్లో వాటిలో ఏది నిలుస్తుందన్నది వాడి చూస్తే తప్ప తెలియదు. మా ఇంట్లో ఈ అవసరం ముగ్గురిది. నాన్నకు షుగర్ ఉంది కాబట్టి ఒక్కో పూట ఎంత పిండిపదార్థం లోపలికి వెళ్తోందో రాసుకురమ్మని డాక్టరు చెప్పారు. అమ్మకు ఎముకలు గుల్లబారుతున్నాయని తేలినప్పటి నుంచి కాల్షియం మీద ఒక కన్ను వేసి ఉంచవలసి వచ్చింది. నాది అందరికీ ఉండే నడుము చుట్టుకొలత బాధే. ఈ మూడింటికీ ఒకే యాప్ సరిపోతుందా, సరిపోతే ఇంటిల్లిపాదీ విసుగు లేకుండా వాడగలిగేంత సాదాగా ఉంటుందా అన్న కొలబద్దతో కొన్నింటిని వాడి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

తీర్పు ముందే చెబుతాను. యాప్‌ను ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడవలసిన గుణం ఒకటుంది: మన ఇంటి వంటకాన్ని దినుసుల తూకంతో ఒకసారి ఎక్కించి, వండిన తరువాత మొత్తం బరువు ఎంతో చెప్పి, ఆపైన ఎవరికెంత వడ్డించామో గ్రాముల్లో రాసుకోనివ్వాలి. ఇది కుదిరితే మిగతా లోపాలతో సర్దుకుపోవచ్చు. ఇది లేని యాప్‌లో పతకాలు, పలకరింపులు, రంగురంగుల చక్రాలు ఎన్ని ఉన్నా దండగే. నేను వాడినవాటిలో క్రోనోమీటర్ ఈ పనిని ఉచితంగానే, చక్కగా చేసిపెట్టింది. దానికి తోడుగా మన జాతీయ పోషకాహార సంస్థ వారి న్యూట్రిఫై ఇండియా నౌ యాప్‌ను ఉంచుకున్నాను. ఈ జోడీ దగ్గర ఆగడానికి ముందు చూసినవాటి సంగతి కొంత చెప్పాలి.

మొదట వేసుకున్నది బాగా ప్రచారంలో ఉన్న ఒక యాప్. పేరు అనవసరం. ఎత్తు, బరువు, వయసు అడిగి, క్షణాల్లో వారం రోజుల భోజన ప్రణాళికను చేతిలో పెట్టింది. పొద్దున ఓట్స్, పదకొండు గంటలకు గ్రీన్ టీ, రాత్రికి రెండు రోటీలు, పనీర్ కూర. చపాతీ లేనిదే దేశంలో ఎవరికీ రాత్రి గడవదని దాన్ని తయారుచేసినవారి నమ్మకం కాబోలు. మా ఇంట్లో గోధుమపిండి డబ్బా వారానికొకసారి తెరుచుకుంటే గొప్ప. పైగా మాది శనివారం నీసు ముట్టని ఇల్లు, తమిళ పంచాంగపు పెరటాసి నెల (సెప్టెంబరు నడుమ మొదలయ్యేది) వస్తే ఆ నెలంతా గుడ్డు కూడా ఉండదు. ఆ యాప్‌లో శాకాహారి అనో మాంసాహారి అనో ఒక గడిలో గురుతు పెట్టడమే తప్ప, ఫలానా రోజు శాకాహారం, ఫలానా రోజు కాదు అని చెప్పుకునే చోటు నాకు కనబడలేదు. ఫలితంగా శనివారం ఉదయం ఉడికించిన గుడ్లు తినమని ఫోను మోగేది. శ్రీవారి ఊళ్లో ఆ మోత విన్నప్పుడల్లా అమ్మ ముఖం చూడాలి.

దానికన్నా విసుగు పుట్టించినవి డైట్ కోచ్‌నంటూ వచ్చిన ఫోన్లు. ఉచిత గడువు ముగియడానికి రెండు మూడు రోజుల ముందు మొదలై, డబ్బు కట్టే ఉద్దేశం లేదని చెప్పిన తరువాత కూడా వేరే నంబర్ల నుంచి కొనసాగాయి. స్విమ్స్, రుయా వంటి పెద్దాసుపత్రులున్న ఊళ్లో ఉంటూ, నాన్న రక్తపరీక్షల కాగితం కూడా చూడని మనిషి ఫోనులో చెప్పే సలహాకు ఏడాది చందా ఎందుకు కట్టాలో నాకు బోధపడలేదు.

ఫోటో తీస్తే చాలు, పళ్లెంలో ఏముందో తానే చెబుతానన్న మరో యాప్ గురించి ఎక్కువ రాయనవసరం లేదు. ఇడ్లీని, అరటిపండును బాగానే పట్టింది. సంగటి ముద్దను చాక్లెట్ కేకు అంది. ఆ సరదాను పక్కన పెట్టినా, కెమెరాకు పైన కనబడేది తప్ప లోపలున్నది తెలియదన్న అసలు లోపం ఎక్కడికీ పోదు. పెద్ద చెంచాడు నూనె, అంటే సుమారు 15 మిల్లీలీటర్లు, 120 కిలోకేలరీల పైమాటే. పులుసులో అది రెండు చెంచాలు పడిందో నాలుగు పడిందో ఫోటోలో కనబడదు. పొంగలిలో కరిగిపోయిన నెయ్యి సంగతి సరేసరి.

ఇక మూడో రకం, వాడేవాళ్లే వివరాలు ఎక్కించే యాప్‌లు. వీటిలో దేన్ని వెతికినా పదుల వరసలు వస్తాయి. దోసె అని కొట్టి చూడండి. పేపరంత పలచటి దోసె, ఇంట్లో వేసే మందపాటి అట్టు, నెయ్యికారం దోసె, హోటలు మసాలా దోసె అన్నీ ఒకే పేరుతో, ఒకదానికొకటి పొంతన లేని అంకెలతో నిలబడతాయి. ఎవరు తూచారో, అసలు తూచారో లేదో తెలియదు. ఇలాంటి యాప్ వాడక తప్పనివారికి ఒక కిటుకు: ఒక దోసె, ఒక కప్పు అని ఉన్న వరసలను వదిలేసి, 100 గ్రాములకు లెక్క చూపించే వరసనే ఎంచుకోవాలి. బార్‌కోడ్ స్కాన్ చేసే సదుపాయాన్ని ఇలాంటి యాప్‌లు పెద్దగా చాటుకుంటాయి. మైఫిట్‌నెస్‌పాల్ 2022లో దాన్ని చందాదారులకే పరిమితం చేసింది కూడా. మనబోటి ఇళ్లకు దాని వల్ల ఒరిగేది తక్కువ. బిస్కెట్ పొట్లానికి బార్‌కోడ్ ఉంటుంది గానీ, తోపుడు బండి మీద కొన్న సొరకాయకు ఉండదు కదా. పొట్లం మీద 100 గ్రాములకు పోషక విలువలు ఎలాగూ అచ్చువేసి ఉంటాయి, చూసి ఎక్కించుకోవడం నిమిషం పని.

అంకెలు నమ్మదగినవి కావాలంటే అవి పుట్టే చోటికి వెళ్లడం మేలు. మన దేశంలో ఆ చోటు హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. వారు 2017లో ప్రచురించిన ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్‌లో 528 ఆహార పదార్థాల విశ్లేషణ ఉంది. దేశంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి నమూనాలు తెప్పించి, ప్రయోగశాలలో పరీక్షించి కట్టిన పట్టికలవి. ఆ లెక్కన 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, సుమారు 321 కిలోకేలరీలు, 67 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. పాలిష్ పట్టిన బియ్యంలో 356 కిలోకేలరీలు, 78 గ్రాముల పిండిపదార్థం. వేరుశనగ పప్పులో 520 కిలోకేలరీలు, దాదాపు 24 గ్రాముల ప్రోటీన్. ఎవరికెంత కావాలన్నదానికీ ఆ సంస్థే 2020లో సవరించిన లెక్కలు ఉన్నాయి. పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్, మొత్తం మీద 1000 మిల్లీగ్రాముల కాల్షియం అని వాటిలో సిఫారసు. యాప్‌లు తమంతట తాము పెట్టే లక్ష్యాలు చాలాసార్లు అమెరికా ప్రమాణాలు కాబట్టి, వాటిని ఈ అంకెలతో సరిచూసుకుని మార్చుకోవాలి.

న్యూట్రిఫై ఇండియా నౌ ఈ సంస్థ తయారుచేసినదే. ఉచితం. కోచ్‌లు లేరు, చందా లేదు. అలసందలు, ఉలవలు, అవిసాకు వంటి మన పదార్థాల విలువలు చూసుకోవడానికి దీన్ని మించిన అండ లేదని నా అభిప్రాయం. నేను దీన్ని నిఘంటువులా వాడుతున్నాను. మా ఇంటి పాళ్లతో వంటకాన్ని కట్టుకుని, దాన్ని రోజూ మళ్లీ మళ్లీ వాడుకోవడానికి మాత్రం క్రోనోమీటర్‌కు వెళ్తున్నాను. క్రోనోమీటర్ కెనడా వారిది, 2011 నుంచి ఉంది. ప్రతి పదార్థం పక్కనా ఆ అంకె ఏ పట్టిక నుంచి వచ్చిందో రాసి ఉంచడం దానిలో నాకు నచ్చిన మొదటి విషయం. కేలరీలు, ప్రోటీన్‌తో ఆగకుండా ఖనిజాలు, విటమిన్ల లెక్కను కూడా ఉచిత ఖాతాలోనే చూపించడం రెండోది. అమ్మ కాల్షియం కోసం మాకు కావలసింది సరిగ్గా అదే. రాగిపిండికి నేను విడిగా ఒక పదార్థాన్ని తయారుచేసి, పై పట్టికలోని విలువలు ఎక్కించుకున్నాను. ఒకసారి చేస్తే చాలు.

ఆ తరువాత ఒక రాత్రి సంగటి తూకం పెట్టాము. వంటింటి గట్టు మీద డిజిటల్ కాటా, దాని మీద ఖాళీ సట్టి. దాని బరువు రాసుకున్నాక నూకలు 100 గ్రాములు, రాగిపిండి 200 గ్రాములు తూచి అమ్మ చేతికిచ్చాను. నూకలు మెత్తగా ఉడికి, పిండి పడి, తెడ్డుతో గెలికి, మూత పెట్టి మగ్గాక సట్టిని మళ్లీ కాటా మీదికి ఎక్కిస్తుంటే అమ్మ ఊరుకోలేదు.

“ఏంరా నాయనా, సట్టిని గూడా తూకమేస్తావా? తినే కూటికి ఇన్ని లెక్కలా?”

“ఒక్కసారేమ్మా, మళ్లీ అడగను” అన్నాను.

సట్టి బరువు తీసివేయగా సంగటి 1100 గ్రాములు తేలింది. యాప్‌లో వంటకం పేరు పెట్టి, దినుసులు రెండూ వేసి, వండిన బరువు 1100 అని చెప్పగానే లెక్క మొత్తం తెర మీద పరుచుకుంది. సట్టి మొత్తానికి సుమారు వెయ్యి కిలోకేలరీలు. నాలుగు ముద్దలు చేస్తే ఒక్కొక్కటి 275 గ్రాములు, 250 కిలోకేలరీలు, 180 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం. అంటే పెద్దవాళ్లకు రోజుకు సిఫారసు చేసిన 1000 మిల్లీగ్రాముల కాల్షియంలో ఐదో వంతుకు కాస్త తక్కువ ఒక్క ముద్దలోనే దొరుకుతోంది. బయటి యాప్‌లలో రాగి ముద్ద, ఒకటి అని ఉన్న వరసతో ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. వారి ముద్ద ఎంతదో, అందులో బియ్యం పాలు ఎంతో ఎవరికి తెలుసు?

ఇదే ముద్దలో పిండిపదార్థం 53 గ్రాములు ఉండటం నాన్నకు నచ్చలేదు. రాగి కదా, షుగర్‌కు మంచిదే కదా అని మా వైపు పెద్దవాళ్లు చాలామంది రెండు ముద్దలు నిశ్చింతగా తింటారు. రాగుల్లో పీచు ఎక్కువన్నది నిజమే. అంతమాత్రాన పిండిపదార్థం మాయమైపోదు, పైగా సంగటిలో నూకల వాటా కూడా కలుస్తుంది. ఈ అంకె కంటికి కనబడిన తరువాత నాన్న రాత్రి ముద్దను సగం చేసుకుని, ఆ జాగాలో అలసందల కూర, ఆకుకూర పప్పు పెంచుకున్నారు. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లిన కాగితంలో పూటవారీగా ఈ లెక్కే ఉంది. మందుల మార్పు ఆయన చూసుకుంటారు. ఆ పనికి యాప్‌ను నమ్ముకోకూడదని వేరే చెప్పనక్కరలేదు.

మిగతా వంటకాలను కూడా ఇదే పద్ధతిలో తీరికను బట్టి ఎక్కించుకుంటూ వచ్చాము. ఇక్కడ గరిటె బాగా అక్కరకు వచ్చింది. అమ్మకు గ్రాముల భాష పట్టదు, గరిటెల లెక్క మాత్రం తప్పదు. రోజూ వడ్డించే గరిటెతో పప్పు తీసి ఒకసారి తూచి, వంటకంలో ఒక గరిటె ఇన్ని గ్రాములని కొలత కట్టుకుంటే సరిపోయింది. ఊరిమిండికి గరిటె పెద్దది, చెంచా చాలు. రోలు దగ్గర నూనె వాసన తగలకపోయినా చెనక్కాయల వల్ల ఊరిమిండి బరువైన పచ్చడి. అందులో 25 గ్రాముల పప్పు పడితే 130 కిలోకేలరీలు, ఆరు గ్రాముల దాకా ప్రోటీన్ వస్తాయి. పచ్చడే కదా అని లెక్కలోంచి వదిలేస్తే రోజు మొత్తం తప్పుతుంది. చలికాలం అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు కోసం వెతికేవారు హయసింత్ బీన్స్ అని, ఉలవలకు హార్స్ గ్రామ్ అని, అలసందలకు కౌపీ అని కొట్టాలి. పచ్చిగింజలా ఎండుగింజలా అన్నది చూసి మరీ ఎంచుకోవాలి, ఎండాక నీరు పోయి అంకెలు రెట్టింపు దాటిపోతాయి.

భోజన ప్రణాళిక అనే మాటకు యాప్‌లు చెప్పే అర్థం వేరు, ఇంట్లో కావలసింది వేరు. ఆదివారం కూర్చుని ఏడు రోజులకూ కొనుగోళ్ల జాబితా తయారుచేయడం మా వీధిలో ఎవరికీ అలవాటు లేదు. ఇంటి ముందుకు వచ్చిన బండిలో ఏది లేతగా ఉంటే ఆ కూర, మదనపల్లె టమోటా ధర మండిపోతే ఆ వారం చింతపండు పులుసు. కాబట్టి ఏ కూర వండాలో చెప్పే యంత్రం మాకు అక్కరలేదు. నిన్నటి రోజును ఈ రోజుకు నకలు తీసుకోవడం, రేపటి తేదీలోకి వెళ్లి ముందుగానే రాసుకోవడం అనే రెండు సదుపాయాలుంటే చాలు, క్రోనోమీటర్‌లో రెండూ ఉన్నాయి. రాత్రి పప్పు నానబోసే వేళకు రేపటి టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి గడుల్లో అనుకున్నవి వేసి చూస్తాను. ప్రోటీన్ తగ్గినట్టు కనబడితే ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడికి బదులు సాంబారు పెరుగుతుంది, లేదా మజ్జిగ స్థానంలో పెరుగు వస్తుంది. శనివారానికి ఒక నమూనా రోజు, ఆదివారానికి ఇంకొకటి విడిగా ఉంచుకుని వాటినే నకలు తీసుకుంటున్నాను. పెరటాసిలో శనివారం నమూనాయే నెలంతా నడిచింది. ఏ యాప్ ప్రణాళికా ఇంత సులువుగా మా పంచాంగానికి లొంగలేదు.

బయటి తిండి దగ్గర ఏ యాప్ అయినా అంచనాయే. తిరుపతిలో ఇది చిన్న విషయం కాదు. చుట్టాలు వస్తారు, కొండకు వెళ్తారు, ప్రసాదం వస్తుంది. లడ్డూ, ఒకటి అని యాప్‌లో రాస్తే అది మిఠాయి దుకాణపు నిమ్మకాయంత లడ్డూను లెక్కలోకి తీసుకుంటుంది. శ్రీవారి లడ్డూ సుమారు 175 గ్రాములు ఉంటుంది, కల్యాణోత్సవం లడ్డూ సంగతి చెప్పనే అక్కరలేదు. చక్కెర గ్రాముకు 4 కిలోకేలరీలు, నెయ్యి గ్రాముకు 9, శనగపిండి గ్రాముకు మూడున్నర దాకా. వీటి కలయిక 100 గ్రాములకు 400కు తగ్గడం కష్టం కాబట్టి, లడ్డూ మొత్తం ఒక్కరే తింటే 700 కిలోకేలరీలు దాటినట్టే. అందరికీ పంచి తలా చిటికెడు నోట్లో వేసుకునే మన ఆచారం ఈ లెక్కకు కూడా అనుకూలమే. అందుకే మా యాప్‌లో ప్రసాదానికి 15 గ్రాముల కొలత ఒకటి కట్టి ఉంచాను. హోటలు భోజనానికైతే ఇంటి వంటకాల్లో దగ్గరిదాన్ని ఎంచుకుని, మనిషికి ఒక పెద్ద చెంచా నూనె అదనంగా కలిపి రాస్తాను. గీటు గీసినట్టు రాదు, తరచూ బయట తినేవారికి ఈ పద్ధతి ఫలించదు కూడా. అలాంటివారికి ఈ శ్రమంతా ఎందుకని నేనే అంటాను.

తెర అంతా తెలుగులో ఉండి, పైన చెప్పినట్టు ఇంటి వంటకాన్ని వండిన బరువుతో కట్టుకోనిచ్చే యాప్ నేను వాడినవాటిలో కనబడలేదు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే వంటకాలు ఎక్కించే పని వాళ్లు చేసిపెట్టవచ్చు, ఆ తరువాత రోజూ చేయవలసింది పేరు నొక్కి అంకె వేయడమే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు మాత్రం పుస్తకం, పెన్సిలే నయం.

డబ్బు విషయానికొస్తే మాకు అయిన ఖర్చు కాటా ఒక్కటే. చందా కట్టదలచినవారు ఒక సంగతి గమనించాలి. ఫోనులోంచి యాప్‌ను తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లేస్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల గడిలోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి, యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే ఆ యూపీఐ యాప్‌లో మ్యాండేట్‌ను, అంటే డబ్బు కోతకు ఇచ్చిన అనుమతిని, కూడా చూసుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కోత పడటానికి 24 గంటల ముందు సమాచారం వస్తుంది, ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని తుడిచేయకూడదు. ఇక జబ్బుల వివరాలు, ఫోన్ నంబరు అడిగే చోట జాగ్రత్త అవసరం. పెద్ద కంపెనీల దగ్గర కూడా ఇవి భద్రమని అనుకోలేము. 2018లో మైఫిట్‌నెస్‌పాల్ నుంచి సుమారు 15 కోట్ల ఖాతాల వివరాలు బయటికి పొక్కాయి. నేను ఈ పనికి వేరే ఈమెయిల్ ఒకటి పెట్టుకున్నాను, నాన్న షుగర్ సంగతి ఏ యాప్‌లోనూ రాయలేదు. పూటకు ఎన్ని గ్రాముల పిండిపదార్థమన్న లెక్కకు ఆ వివరంతో పని లేదు.